పద్నాలుగో మంచం అభిప్రాయం

పద్నాలుగో మంచం దగ్గర నుంచి ఆక్సిజన్ మిషను లాక్కుపోయినప్పుడు పొద్దున పదకొండున్నర అయింది. ఆడవాళ్ళ వార్డు గుమ్మంలో నిలబడి ఒక మనిషి అదంతా కళ్ళారా చూసింది. చేతిలో ఫారాల కట్ట, మెడలో ఆఫీసు కార్డు, ఒంటి మీద కంపెనీ వాళ్ళిచ్చిన నీలం కోటు. దేవుడిచ్చిన నోరు కూడా ఉంది గానీ ఆ పూట అది అక్కరకు రాలేదు.

మిషను లాగింది స్ట్రెచర్ మామ. ఇరవై ఏళ్ళుగా ఆ పెద్దాసుపత్రిలో రోగుల్ని తోసే పని ఆయనది, వార్డులన్నిటికీ ఆయన మామే. ప్లగ్గు పీకాడు. మంచం మీదున్న ఆమె మూతి మీంచి మాస్కు తీసి కమ్మీకి తగిలించాడు. చక్రాల మిషనును గుమ్మం వైపు తిప్పాడు. ఇంత చేస్తూ ఆమె మొహం వంక ఒక్కసారి కూడా చూడలేదు.

మంచం మీదున్న ఆమె రాళ్ళ మిల్లు కూలీ. పద్దెనిమిదేళ్ళు కంకర దుమ్ము పీల్చి పీల్చి ఆమె ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మిషను ఆడుతుంటేనే ఆమెకు ఊపిరి ఆడేది. పక్కనే ఆమె కూతురు, అదే మిల్లులో పనిచేసే పిల్ల, పాతికేళ్ళుంటాయి. ఆ పిల్ల మిషనుకు అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"ఎక్కడికి మామా? అది లేకపోతే మా అమ్మకి ఆడదు."

"ఇలా తీసుకెళ్ళి అలా తెచ్చేస్తానమ్మా. పెద్దోళ్ళు వచ్చారు. మిషన్లు చూస్తారంట."

"చూసేవాళ్ళు ఇక్కడికొచ్చి చూడొచ్చుగా! మనిషి మూతి మీద ఉంటే కనపడదా?"

"నన్నడిగితే నేనేం చెప్పను తల్లీ. పైనుంచి చెప్పారు."

కూతురు చుట్టూ చూసింది. గుమ్మంలో నీలం కోటు కనపడింది.

"అక్కా! నువ్వు ఆఫీసు మనిషివి కదా. నువ్వన్నా చెప్పక్కా."

"ఐదు నిమిషాల్లో తెచ్చేస్తార్లేమ్మా. కంగారు పడకు," అంది నీలం కోటు ఆమె.

ఆఫీసు మనిషే చెప్పింది కదా అని ఆ పిల్ల నమ్మింది. నమ్మి పక్కకు తప్పుకుంది.

సంగతేమిటో చెప్పుకోవాలి. ఆ రోజు ఆసుపత్రికి నాణ్యత తనిఖీ. వైద్యం ఎలా ఉంది, రోగులు సంతృప్తిగా ఉన్నారా లేదా అని చూసి నక్షత్రాలు ఇచ్చే బృందం వచ్చింది. నాలుగు నక్షత్రాలు వస్తే సూపరింటెండెంటుకు పై కుర్చీ, ఆసుపత్రిని నడిపే కంపెనీకి ఇంకో పదేళ్ళ కాంట్రాక్టు. కాగితం మీద ఆసుపత్రిలో నాలుగు ఆక్సిజన్ మిషన్లున్నాయి. ఆడేది ఒకటి. బృందం నాలుగు గదులు చూస్తుంది, నాలుగింటిలోనూ మిషను ఆడుతూ ఉండాలి. అందుకని పెద్దలు ముందు వరండాలో నింపాదిగా నడుస్తుంటే, ఆ ఒక్క మిషనూ వెనక వరండాలో వాళ్ళకంటే ముందు పరిగెడుతూ ఉంటుంది. ఆడవాళ్ళ వార్డు చూడవలసిన గదుల జాబితాలో లేదు. లేని వార్డులో మిషను ఎందుకని అక్కడి నుంచి తీశారు. సిలిండర్లు పెట్టొచ్చు కదా అంటారేమో. సిలిండర్లన్నీ కొత్త రంగు పూసుకుని ఎమర్జెన్సీ ముందు వరసగా నిలబడి ఉన్నాయి, లోపల గాలి మాత్రం లేదు.

మూడో గది దాకా అంతా అనుకున్నట్టే జరిగింది. నాలుగో గదిలో పెద్దలకు టీ వచ్చింది. టీ తర్వాత బిస్కెట్లు వచ్చాయి. డ్యూటీ నర్సు ఫోను మీద ఫోను చేసింది. "టీమ్ ఆ గదిలోనే ఉంది, వాళ్ళు కదలగానే పంపుతాం" అన్నారు. పన్నెండూ పావుకు పద్నాలుగో మంచం మీద ఊపిరి ఆగిపోయింది. మిషను పన్నెండూ నలభైకి తిరిగొచ్చింది. స్ట్రెచర్ మామ దాన్ని గుమ్మంలోనే వదిలేసి గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు.

నీలం కోటు ఆమెను వార్డుల్లో బాగుందమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆమె పని రోగుల అభిప్రాయం రాయడం. పన్నెండు ప్రశ్నల ఫారం. డాక్టరు పలకరింపు ఎలా ఉంది, నర్సుల ఓపిక ఎలా ఉంది, మంచం దుప్పటి ఎలా ఉంది. ప్రతిదానికీ నాలుగు గళ్ళు. ఆరేళ్ళ కిందట చేరిన కొత్తలో ఆమె నిజంగానే మంచాల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని అడిగేది. ఒకాయన, కాలు విరిగిన తాపీ మేస్త్రి, "బాత్రూములో నీళ్ళు రావమ్మా, బకెట్టు పట్టుకుని కుంటుకుంటూ కిందికి పోతున్నా" అన్నాడు. ఆమె ఉన్నదున్నట్టు రాసింది. ఆ మేస్త్రికి డిశ్చార్జి కాగితం రెండు రోజులు ఆలస్యమైంది. ఎందుకని ఎవరూ చెప్పలేదు, అందరికీ అర్థమైంది. ఆ తర్వాత ఏ మంచం దగ్గరకు వెళ్ళినా ఒకటే మాట. "బాగుందని రాసుకో తల్లీ. మమ్మల్ని తొందరగా ఇంటికి పోనీ."

అందరూ అదే చెప్పేటప్పుడు అడగడమెందుకని అడగడం మానేసింది. స్టూలు కూడా అవసరం లేకపోయింది. మేడ మీద మెట్ల పక్క గదిలో కూర్చుని రాసేది. అందులోనూ ఆమెకు ఒక పనితనం ఉంది. బేసి మంచాలకు నీలం పెన్ను, సరి మంచాలకు నల్ల పెన్ను. మరీ అన్నీ చాలా బాగుంటే అనుమానం వస్తుందని నాలుగో ఫారానికొకసారి "తాగే నీళ్ళు ఇంకాస్త చల్లగా ఉంటే బాగుండు" అని ఒక సూచన. చదువురాని వాళ్ళ వేలిముద్రలకు తన వేళ్ళే. పది వేళ్ళూ మార్చి మార్చి వేసేది. సాయంత్రం సబ్బుతో ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో సిరా పోయేది కాదు.

పనివాళ్ళకు ఆమె ఆఫీసు తొత్తు. ఆఫీసుకు ఆమె ఒక రబ్బరు స్టాంపు. ఆయమ్మలు టీ తాగే చోటికి ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. భర్త పోయి ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. దర్జీ కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. ఇంటికి వెళ్ళాక కింద కుట్టుమిషను చప్పుడు ఆగితే ఆమెకు భయం వేసేది, అది ఆడినంతసేపూ ఎవరో పక్కనున్నట్టుండేది. రోజుకు ముప్ఫై మంది తరఫున "ఎలా ఉంది" అనే ప్రశ్నకు జవాబు రాసే మనిషి. ఆమెను ఎలా ఉన్నావని అడిగినవాళ్ళు లేరు. అడిగితే ఏం చెప్పాలో కూడా ఆమె ఎప్పుడో మర్చిపోయింది.

తనిఖీకి ముందు రోజు క్వాలిటీ సారు పిలిచాడు. కంపెనీ తరఫున ఆసుపత్రి నాణ్యత చూసే మనిషి ఆయన. "రేపు వార్డుల్లో నువ్వు తిరిగితే అడ్డం. రేపటివి ఇవాళే రాసేయ్. టైములు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సర్దు. అన్నీ ఒకే టైము వేసి మా కొంప ముంచకు." ఆమె బుద్ధిగా సర్దింది. పద్నాలుగో మంచానికి సాయంత్రం నాలుగూ పది పడింది. వైద్యం చాలా బాగుంది. గాలీ వెలుతురూ చాలా బాగున్నాయి. కింద నల్ల సిరాలో, "నర్సమ్మలు ఎంతో ఓపికగా చూస్తున్నారు". దాని పక్కన ఎడమచేతి ఉంగరపు వేలు ముద్ర.

ఆ కట్టే ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. దాన్ని ఆఫీసులో ఇవ్వడానికి పోతూనే పొద్దున ఆడవాళ్ళ వార్డు గుమ్మంలో ఆగింది.

ఒంటిగంటకు సూపరింటెండెంటు గదికి రమ్మన్నారు. లోపల ఆయనా, క్వాలిటీ సారూ ఉన్నారు. బృందం పై అంతస్తులో భోజనాలకు కూర్చుంది.

"కూర్చోమ్మా," అన్నాడు సూపరింటెండెంటు. ఆరేళ్ళలో ఆ గదిలో ఆమెను కూర్చోమన్నది అదే మొదలు. "భోంచేశావా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గులేని కళ్ళు. కింద ఒక మనిషి చచ్చిపోయి గంట కాలేదు, ఇక్కడ ఒకరు భోంచేశావా అనగానే కరిగిపోయాయి. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది ఆ క్షణం గురించే.

"పద్నాలుగోది తియ్యి," అన్నాడు క్వాలిటీ సారు. చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు. "నాలుగూ పది! మనిషి పన్నెండింటికి పోతే నాలుగూ పదికి అభిప్రాయం చెప్పిందా? ఇదిగో, కొత్త ఫారం. పొద్దున పది అని వెయ్యి. మిగతాదంతా ఇలాగే ఎక్కించు."

"ఆవిడ పొద్దున పదింటికి నాకేం చెప్పలేదు సార్."

"మరి నాలుగూ పదికి చెప్పిందా?"

ఆమె చేతిలోని కట్టను బల్ల మీద పెట్టింది.

సూపరింటెండెంటు గొంతు మెత్తగా ఉంది. "చూడమ్మా. కింద గేటు దగ్గర పనివాళ్ళ సంఘం వాళ్ళు శవాన్ని పెట్టుకుని గోల చేస్తున్నారు. పోయినావిడ పోయింది. ఆవిడ జబ్బు అలాంటిది. పొద్దున పదింటికి ఆవిడే స్వయంగా సంతృప్తిగా ఉన్నానని వేలు వేసిందంటే గొడవ అక్కడితో చల్లారుతుంది. పర్మనెంటు చేసే లిస్టు ఈ నెల్లోనే పైకి పోతోంది. నీ గురించి నేను చూస్తాను."

ఆమె కొత్త ఫారం ముందుకు లాక్కుంది. నల్ల పెన్ను తీసింది. మంచం నంబరు వేసింది. టైము దగ్గర పది అని వేసింది. పన్నెండు గళ్ళూ నింపింది. ఆరేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తానే పోయింది. ఉంగరపు వేలు సిరా ప్యాడు మీద అద్దింది. ఆ వేలు కాగితానికి జానెడు ఎత్తున ఆగిపోయింది.

పదింటికి ఆ మనిషి బతికి ఉంది. ఆమె మూతి మీద మాస్కు ఉంది. పదింటికి తను వెళ్ళి ఆ మంచం పక్కన కూర్చుని ఉంటే, కూర్చుని నిజంగా అడిగి ఉంటే, ఏం చెప్పేదో. మాట రాకపోతే కూతురు చెప్పేది. ఈ మిషను ఒక్కటే దిక్కక్కా, దీన్ని తీయనివ్వకండి అని చెప్పేదేమో. ఎవరూ అడగలేదు. అడగవలసిన ఉద్యోగం తనదే.

వేలు కోటుకు తుడుచుకుంది. "నీళ్ళు తాగొస్తాను సార్," అని లేచింది. లేస్తూ పాత ఫారం కూడా తీసుకుంది. వాళ్ళు టైము మారిన కొత్త కాగితాన్నే చూస్తున్నారు.

వెనక వరండా కుళాయి దగ్గర ఆమె నిజంగానే నీళ్ళు తాగింది. అప్పుడే గేటు వైపు నుంచి మైకు వినపడింది. క్వాలిటీ సారు మనుషుల్లో ఒకడు చదువుతున్నాడు. "మృతురాలు ఈ రోజు ఉదయం పది గంటలకు వైద్య సేవల పట్ల పూర్తి సంతృప్తి వ్యక్తం చేస్తూ వేలిముద్ర వేసి ఉన్నారు. దయచేసి వదంతులు నమ్మవద్దు." ముద్ర ఇంకా పడనే లేదు. ఆమె ఎలాగూ వేస్తుందని వాళ్ళ ధీమా. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. భయం కన్నా ముందు ఆ మంటే ఆమెను గేటు దాకా నడిపించింది.

గేటు దగ్గర రెండు వందల మంది దాకా ఉన్నారు. రాళ్ళ మిల్లు నుంచి కూలీలు తలల నిండా దుమ్ముతో అలాగే వచ్చేశారు. డ్యూటీ దిగిన ఆయమ్మలు, ఊడ్చేవాళ్ళు, నర్సింగు చదివే పిల్లలు. మధ్యలో స్ట్రెచరు మీద తెల్ల దుప్పటి కప్పిన శవం, దాని కాళ్ళ దగ్గర కూతురు. పెద్ద ఆయమ్మ, కాంట్రాక్టు పనివాళ్ళ సంఘానికి ఆవిడే పెద్ద దిక్కు, మైకు లేకుండానే గేటు అదిరేలా మాట్లాడుతోంది.

"మాకు వాళ్ళ జాలి వద్దు! ఒక్క ముక్క రాసివ్వమనండి. ఆసుపత్రిలో మిషను ఒక్కటే ఉంది, దాన్ని చూపించడానికి తీశాం, అందువల్ల మనిషి పోయింది. ఇంతే. సంతకం పెట్టి ఇచ్చేదాకా ఈ స్ట్రెచరు కదలదు."

"మా అమ్మకి నాలుగు రోజుల నుంచి మాటే రాలేదు," అంది కూతురు. అరవలేదు. అరిచే ఓపిక అయిపోయింది. "సంతృప్తి అని ఎప్పుడు చెప్పింది? ఎవరికి చెప్పింది?"

"నాకు చెప్పలేదు," అంది వెనక నుంచి ఒక గొంతు.

జనం తిరిగి చూశారు. నీలం కోటు. ఎవరో "అదిగో బాగుందమ్మ" అన్నారు. మొదటిసారి ఆ పేరు ఆమె చెవిన పడింది. తనకు అలాంటి పేరొకటి ఉందని ఆరేళ్ళూ తెలియలేదు.

ఆమె ముందుకు వెళ్ళి పాత ఫారం కూతురి చేతిలో పెట్టింది. "ఇది నిన్న మధ్యాహ్నం రాశాను. ఇవాళ సాయంత్రం నాలుగూ పదికి మీ అమ్మ చెప్పినట్టు రాశాను. ఇంకా నాలుగు కాలేదు. వాళ్ళు చదివిన పది గంటల ఫారం కూడా నేనే రాశాను, ఇప్పుడే, అరగంట కింద. ముద్ర మాత్రం వెయ్యలేదు."

"ఈ ముద్ర?" అంది కూతురు.

"నాదే."

"వేలు చూపించు."

ఆమె ఎడమచెయ్యి చాపింది. కూతురు ఆ ఉంగరపు వేలిని పట్టుకుని చూసింది, గోరు సందులో సిరాను చూసింది. చాలాసేపు చూసింది. కొడుతుందనుకున్నారు జనం. ఆమె కూడా అదే అనుకుంది, కొడితే బాగుండుననుకుంది. కూతురు వేలు వదిలేసింది.

"ఐదు నిమిషాలన్నావు," అంది. "నువ్వు చెప్పావనే తప్పుకున్నాను."

ఆ మాటకు దెబ్బ కన్నా ఎక్కువ నొప్పి ఉంది.

"ఇన్నేళ్ళూ మా నోట మన్ను కొట్టి ఇప్పుడొచ్చావా!" అన్నాడు మిల్లు కూలీ ఒకడు. "దీన్ని నమ్మొద్దు. వాళ్ళే పంపించి ఉంటారు."

"నమ్మకపోయినా కాగితం కాగితమే కదన్నా," అంది నర్సింగు పిల్లల్లో ఒకతె. "చచ్చిపోయిన మనిషి నాలుగూ పదికి బాగుందని చెప్పింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

"సాక్ష్యం సంగతి సరే. ఈవిడ సంగతేంటి?" పెద్ద ఆయమ్మ ఆమె వైపు తిరిగింది. "మాతో పనిచేసే పిల్ల ఒకతె ఉద్యోగం ఎలా పోగొట్టుకుందో తెలుసా నీకు? వార్డు కంపు కొడుతోందని నీతోనే అంది. నువ్వు ఫారంలో రాయలేదు, ఆఫీసులో చెప్పావు."

"చెప్పాను," అంది ఆమె. ఆ రోజు అన్నిటికీ ఔననే చెప్పింది, కాదనడానికి ఏమీ దొరకలేదు.

స్ట్రెచర్ మామ జనం అంచున నిలబడి ఉన్నాడు. ఆమె కళ్ళు ఆయన కళ్ళతో కలిశాయి. ఆయన తల దించుకున్నాడు. సిలిండర్లు తుడిచి నిలబెట్టిన ఆయమ్మలు ఉన్నారు. కొత్త వార్డులో రోగుల్లాగా మంచాలెక్కి పడుకున్న నర్సింగు పిల్లలు ఉన్నారు. తనిఖీ వాళ్ళకు చూపించిన నాలుగు గదుల్లో అదొకటి. ఎవరూ నోరు మెదపలేదు. అంత జనంలో నీలం కోటు చుట్టూ మాత్రం ఖాళీగా ఉంది.

మూడున్నరకు పోలీసు జీపు వచ్చింది. జనం స్ట్రెచరు చుట్టూ బిగుసుకున్నారు. జీపు స్ట్రెచరు కోసం రాలేదు. అప్పటికే సూపరింటెండెంటు ఫిర్యాదు రాసిచ్చాడు. కాంట్రాక్టు ఉద్యోగిని ఒకతె రోగుల పేరిట దొంగ వేలిముద్రలు వేసి, యాజమాన్యానికి తెలియకుండా తప్పుడు పత్రాలు సృష్టించి, ఆసుపత్రి పేరు చెడగొడుతోంది. ఆడ కానిస్టేబులు వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

జనం దారి ఇచ్చారు. ఎవరూ అడ్డం రాలేదు. పెద్ద ఆయమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. కూతురు ఫారాన్ని మడిచి పిడికిట్లో బిగించుకుంది, అంతే.

స్టేషన్లో ఆమెను బల్ల మీద కూర్చోబెట్టారు. కేసులు రాసే రైటరు వయసు మళ్ళినవాడు, మరీ కఠినుడేం కాదు. అడిగినవన్నీ రాసుకున్నాడు.

"ఇంటికి ఫోను చేసుకోవచ్చు. ఎవరికి చెయ్యాలి?"

ఆమె ఆలోచించింది. ఇంటి కింద దర్జీ ఉన్నాడు, ఆయన నంబరు తెలీదు. చెల్లెలుంది వేరే ఊళ్ళో, దాని అత్తింట్లో ఈ వార్త తెలిస్తే అది నలుగురిలో తల ఎత్తుకోలేదు.

"ఎవరూ లేరు సార్."

"ఎవరూ లేకపోవడమేంటమ్మా, మనిషన్నాక?" అన్నాడు రైటరు. కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేశాడు. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. ఆమె ఆ ముల్లు కదిలేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత లాకప్పు. ఒక్కతే. మూల కుండలో నీళ్ళు, గోడ మీద ఎవరో గోటితో గీసిన గీతలు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. మంచి పని చేసినట్టు అనిపించలేదు. చెడ్డ పని మానినట్టు మాత్రం అనిపించింది, అది చాలా చిన్న సంగతి, దాంతో కడుపు నిండదు, చచ్చిన మనిషి లేవదు. రేపు మరో మనిషి మెట్ల పక్క గదిలో కూర్చుంటుంది. ఆ మనిషికీ పది వేళ్ళుంటాయి. ఇంక తన గురించి ఎవరికీ గుర్తుండదు. పక్కన ఒక్క మనిషి ఉంటే బాగుండును, తిట్టే మనిషైనా సరే అనుకుంది.

మర్నాడు పొద్దున పదింటికి బయట అలికిడి అయింది. ముందు చెప్పుల చప్పుడు, తర్వాత రైటరు కేకలు. "ఏంటిది? ఇదేమన్నా సంతా? ఎంతమంది వస్తారు?" ఆమె ఊచల దగ్గరకు వచ్చింది.

స్టేషను గది నిండిపోయింది. వరండా నిండిపోయింది. ముందు కూతురు. స్ట్రెచర్ మామ ఆమె వెనకే, మాసిన గడ్డంతో, రాత్రంతా నిద్రపోని మొహంతో.

"ఫారాల కేసు మీరే రాస్తున్నారా?" అన్నాడు రైటరుతో.

"రాశాం. ముద్దాయి లోపల ఉంది. మీకేం పని?"

"ఒక్కతే కాదు ముద్దాయి. నన్నూ రాసుకోండి. మిషను ప్లగ్గు పీకింది నేను. మాస్కు తీసింది నేను. తీస్తే పోతుందని తెలుసు. తెలిసే తీశాను. ఎవరు తియ్యమన్నారో కూడా చెప్తాను, అది కూడా రాయండి." గొంతు బొంగురుపోయింది. "నిన్న గేటు దగ్గరే చెప్పాల్సింది. లోపలున్న ఆ తల్లి చెప్తుంటే నోరు మూసుకుని నిలబడ్డాను."

"రంగు పూసిన సిలిండర్లు తుడిచి నిలబెట్టింది మేము," అంది ఒక ఆయమ్మ. "ఖాళీవని మాకు తెలుసు సార్. ఎవరు పెట్టమన్నారో కూడా తెలుసు."

"మమ్మల్ని రోగుల్లాగా పడుకోబెట్టారు," అన్నారు నర్సింగు పిల్లలు, ఒకరి మాట మీద ఒకరు. "మేం పడుకున్నాం. నవ్వమంటే నవ్వాం. పడుకోకపోతే హాజరు వెయ్యం అని బెదిరించింది ఎవరో చెప్తాం."

మిల్లు కూలీ, నిన్న నమ్మొద్దన్నవాడే, ముందుకు తోసుకుంటూ వచ్చాడు. "మేం కూడా. మా మిల్లువాళ్ళం ఇరవై మందిమి ఈ ఆసుపత్రిలో పడుకున్నాం. డిశ్చార్జి కాగితం కోసం బాగుందని చెప్పి బయటపడ్డాం. మేం ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే ఈమె ఆ గదిలో కూర్చుని రాసేది కాదు."

రైటరు కుర్చీలోంచి లేచాడు. "మీకు మతులు పోయాయా? తప్పు చేశామని మీ అంతట మీరే వచ్చి ఒప్పుకుంటారా? లోపల పడేస్తారు తెలుసా?"

"పడెయ్యండి," అంది పెద్ద ఆయమ్మ. అప్పటిదాకా ఆవిడ ఊచల వైపే చూస్తూ నిలబడింది. "పొద్దున బట్టలుతికే చోట మీటింగు పెట్టుకున్నాం. చాలా కొట్టుకున్నాం. దొంగముద్రలు వేసినదాని కోసం మనమెందుకు పోవాలని నేనే అన్నాను. అప్పుడు మామ లేచి, అది వేలితో చేసింది, నేను చేత్తో చేశాను, అన్నాడు. ఆ మాట మీదే అందరం బయల్దేరాం." ఆవిడ ఊచల దగ్గరకు వచ్చింది. "ఏమన్నా తిన్నావా?"

నిన్న సూపరింటెండెంటు అడిగినప్పుడు తిరిగిన నీళ్ళు వేరు. ఇప్పుడు ఆమెకు వెక్కి వెక్కి ఏడుపొచ్చింది. ఊచలు పట్టుకుని అందరి ముందూ ఏడ్చింది. పెద్ద ఆయమ్మ ఊచల మీదున్న ఆమె వేళ్ళను తన చేత్తో కప్పింది.

"నిన్ను క్షమించామని రాలేదు," అంది మెల్లగా. "ఆ పిల్ల క్షమిస్తే అది దాని ఇష్టం. కానీ వాళ్ళు నిన్నొక్కదాన్ని లోపలేసి మిగతావాళ్ళని రేపు మళ్ళీ పనిలోకి రమ్మంటారు. మేం రాం. ఆసుపత్రిలో నిన్న సాయంత్రం నుంచి ఒక్క బండి కూడా తోయలేదు, ఎమర్జెన్సీకి తప్ప. మంచాల మీదున్నవాళ్ళు కూడా ఇంక వేలు వెయ్యం అని చెప్పేశారు."

కూతురు పిడికిలి విప్పి ఆ ఫారాన్ని రైటరు బల్ల మీద పరిచింది. "మా అమ్మ స్ట్రెచరు ఇంకా గేటు దగ్గరే ఉంది. ఇది కేసులో పెట్టండి. దీని కింద మా అందరివీ రాయండి. తర్వాత సూపరింటెండెంటునీ కంపెనీవాళ్ళనీ పిలిచి చదివి వినిపించండి."

రైటరు ఆ కాగితం వంక చూశాడు. నాలుగూ పది అన్న చోట ఆయన వేలు ఆగింది. లోపలి గదిలోంచి ఇన్‌స్పెక్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ సలాము కొట్టలేదు.

రైటరు గొంతు సవరించుకున్నాడు. "సరే. గుంపుగా వస్తే నేను రాయలేను. బయట వరసలో నిలబడండి. ఒక్కొక్కరుగా లోపలికి రండి."

"ఒక్కొక్కరుగా రాం," అంది పెద్ద ఆయమ్మ. ఊచల మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "ఒక్కొక్కరుగా వచ్చే మీ చేతుల్లో పడ్డాం ఇన్నేళ్ళూ. అందరం ఇక్కడే కూర్చుంటాం. ఈమెను కూడా బయటికి తెచ్చి మా మధ్య కూర్చోబెట్టండి. అప్పుడు రాయండి."

మిల్లు కూలీలు ముందు కూర్చున్నారు. తర్వాత ఆయమ్మలు, మామ, నర్సింగు పిల్లలు. వరండాలో ఉన్నవాళ్ళు వరండాలోనే కూర్చున్నారు. కూతురు మాత్రం నిలబడి, తన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, తాళం తీసేదాకా ఆగింది.